హెడ్‌ఫోన్ పెట్టె మీద అచ్చువేయని అంకె

హెడ్‌ఫోన్లు అమ్మే దుకాణంలో ఏదో ఒక పెట్టెను చేతిలోకి తీసుకుని నాలుగు వైపులా చదివి చూడండి. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో పెద్ద అక్షరాలలో ఉంటుంది. లోపలి డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లో, బ్లూటూత్ ఎంత దూరం అందుతుందో, చెమటకూ వానకూ తట్టుకుంటుందో లేదో ఉంటుంది. ‘డీప్ బాస్’, ‘ఎక్స్‌ట్రా బాస్’ అన్న మాటలు ఒక పక్కన మెరుస్తూ ఉంటాయి. ఆ పరికరాన్ని పూర్తి స్థాయిలో మోగిస్తే మీ కర్ణభేరి దగ్గర ఎన్ని డెసిబెళ్ల శబ్దం పుడుతుందో మాత్రం ఉండదు. పిల్లల కోసం చేసినవి కొన్ని తప్పిస్తే, నేను చూసిన పెట్టెలలో వేటి మీదా ఆ అంకె లేదు.

మందు సీసా మీద మోతాదు వేయకుండా, రంగూ రుచీ సీసా ఎత్తూ మాత్రమే అచ్చువేసి అమ్మితే ఔషధ తనిఖీ అధికారి ఊరుకుంటాడా? చెవిలో పెట్టుకునే పరికరం విషయంలో మాత్రం అందరమూ ఊరుకుంటున్నాము. ఈ అంకె తెలుసుకుందామని ఒక తయారీ సంస్థకు రెండుసార్లు లేఖ రాశాను. మొదటి జవాబులో బ్యాటరీ సామర్థ్యాన్ని ఎంతో సంతోషంగా తెలియజేశారు. రెండవ జవాబులో నా అమూల్యమైన అభిప్రాయానికి కృతజ్ఞతలు చెప్పారు. చెవిటివాని ముందు శంఖం ఊదడమన్న సామెతకు ఇంతకంటె తగిన సందర్భం నాకు తారసపడలేదు.

‘ఇంట్లోకి ఒకటి, బయటికి ఒకటి, ఏది కొనమంటారు డాక్టరు గారూ?’ అని అడిగేవారు నాకు తరచుగా ఎదురవుతున్నారు. ఏ కంపెనీదని వారి ప్రశ్న. నేను చెప్పేది కంపెనీ పేరు కాదు గనుక కొందరు నిరుత్సాహపడతారు. మీరు కూర్చుని వినే చోట, అతి తక్కువ శబ్దంతో, మాటా పాటా విడివిడిగా స్పష్టంగా వినిపించే పరికరాన్ని కొనండి. ధర, రంగు, సినిమా నటుని బొమ్మ ఆ తరువాతి సంగతులు. హెడ్‌ఫోన్‌కు పెట్టే ప్రతి రూపాయీ శబ్దాన్ని తగ్గించుకోవడానికి పెట్టాలి. బజారు మాత్రం శబ్దాన్ని పెంచుకోవడానికి పెట్టమంటున్నది. నా తగాదా అంతా అక్కడే.

ముందుగా నా వృత్తి సోదరులతో ఒక మాట. హెడ్‌ఫోన్ అన్న పేరు వినగానే ‘అవతల పారేయండి’ అని చెప్పే వైద్యులు ఉన్నారు. ఆ సలహా చెప్పడానికి సులువు, పాటించడానికి అసాధ్యం. రెండు గదుల ఇంట్లో ఒక పిల్లవాడు పాఠం వింటుంటే, మరొక పిల్ల పోటీ పరీక్షకు చదువుతుంటే, తల్లి సీరియల్ చూస్తుంటే హెడ్‌ఫోన్ విలాస వస్తువు కాదు, పక్కవారి పట్ల మర్యాద. హాస్టల్ గదిలో ఆరుగురు ఉన్నచోట అంతకంటె మర్యాద మరొకటి లేదు. రాత్రి ఉద్యోగాలు చేసే యువతీ యువకులకు అది కూడు పెట్టే పనిముట్టు. పారేయమన్న మాటను వారు వినరు. వినకపోగా, మనం చెప్పే తక్కిన మాటలు కూడా వినడం మానేస్తారు.

ఇక విషయానికి వస్తాను. మన అంతర కర్ణంలో నత్తగుల్ల ఆకారంలో కర్ణావర్తమనే భాగం ఉన్నది. బఠాణీ గింజంత పరిమాణం. రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. చుట్టు విప్పితే దాదాపు 35 మిల్లీమీటర్లు. అందులో వరుసలు తీరి సుమారు 15,000 రోమ కణాలు ఉంటాయి. పుట్టినప్పుడు వచ్చినవే జీవితమంతటికీ. చర్మం తెగితే పూడుతుంది, ఎముక విరిగితే అతుకుతుంది. చేపలలో, పక్షులలో చచ్చిన రోమ కణాల స్థానంలో కొత్తవి పుడతాయి. మనిషికి ఆ యోగం లేదు. పెద్ద శబ్దానికి ఈ కణాలు ముందు అలసిపోతాయి, విశ్రాంతి ఇస్తే కోలుకుంటాయి. మళ్లీ మళ్లీ అదే జరిగితే చచ్చిపోతాయి. ఆ సమయంలో నొప్పి ఉండదు, చీము రాదు, రక్తం కారదు. అందుచేతనే వైద్యుని దగ్గరకు ఎవరూ రారు.

జిల్లా ఆసుపత్రిలో పనిచేసిన రోజులలో జూట్ మిల్లు కార్మికుల, బాయిలర్ల దగ్గర పనిచేసేవారి వినికిడి పరీక్షల కాగితాలు మా చెవి వైద్యుని బల్ల మీద చూస్తూ ఉండేవాణ్ణి. నేను చెవి నిపుణుణ్ణి కాను. అయినా ఆ గీతను ఒకసారి చూసినవారు మరచిపోలేరు. అన్ని స్వరాల దగ్గరా సమంగా నడిచే గీత 4,000 హెర్ట్జ్ దగ్గర హఠాత్తుగా గుంటలోకి దిగుతుంది, ఆ తరువాత కొంచెం పైకి లేస్తుంది. శబ్దం వల్ల చెవి చెడిందనడానికి అది సంతకం వంటిది. నలభై ఏళ్లు మగ్గం మోతలో బతికిన మనిషి కాగితం మీద ఆ గుంట ఉంటే ఆశ్చర్యం లేదు. డిగ్రీ చదివే కుర్రవాని కాగితం మీద అదే గుంట కనిపించడం మొదలైనప్పుడు, ఇతడు ఏ మిల్లులో పనిచేశాడని అడగవలసి వచ్చింది. మిల్లు అతని జేబులో ఉన్నది.

ఆ గుంట వల్ల వచ్చే నష్టం ఏమిటో మన భాషలో చెబుతాను. అచ్చులు తక్కువ స్వరాలలో ఉంటాయి, బలంగా వినిపిస్తాయి. స, శ, చ, త, ప వంటి హల్లుల ధ్వని పలుచన, స్వరం ఎక్కువ. గుంట లోతు పెరిగేకొద్దీ ముందుగా పోయేవి హల్లులు. ఇంటావిడ వంటింటి నుంచి ‘పాలు’ అన్నదో, ‘చాలు’ అన్నదో, ‘కాలు’ అన్నదో తెలియని స్థితి వస్తుంది. ‘నాకు వినిపిస్తున్నది, అర్థం కావడం లేదు’ అని రోగి అంటాడు. ఇంట్లోవారు పరధ్యానమని విసుక్కుంటారు. పెళ్లిలో, బంధువుల మధ్య, నలుగురు ఒకేసారి మాట్లాడేచోట మనిషి క్రమంగా మౌనం వహిస్తాడు, తరువాత వెళ్లడం మానేస్తాడు. నడివయసులో వినికిడి తగ్గి దాన్ని సరిచేసుకోనివారికి వృద్ధాప్యంలో మతిమరుపు వ్యాధి వచ్చే అవకాశం పెరుగుతుందని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల బృందం 2017 నుంచి చెబుతూనే ఉన్నది.

ఎంత శబ్దం, ఎంతసేపు? ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలసి చేసిన ప్రమాణం ప్రకారం పెద్దలకు వారం మొత్తం మీద 80 డెసిబెళ్ల దగ్గర 40 గంటలు. పిల్లలకు 75 డెసిబెళ్ల దగ్గర 40 గంటలు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. మూడు డెసిబెళ్లు పెరిగితే శబ్దశక్తి రెట్టింపు అవుతుంది, అనుమతించిన సమయం సగానికి పడిపోతుంది. పది పెరిగితే సమయం పదవ వంతు. కనుక 80 దగ్గర 40 గంటలయితే, 90 దగ్గర 4 గంటలు, 100 దగ్గర 24 నిమిషాలు. రోజుకు కాదు, వారానికి. చెవికి ఖాతా ఒక్కటే. పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టెల పక్కన గంటసేపు నాట్యమాడినవాడు ఆ వారం కోటా అక్కడే ఖర్చుచేసి వచ్చాడని గుర్తు పెట్టుకోవాలి. (కాలనీలో రాత్రి శబ్దం 45 డెసిబెళ్లు మించకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలలో ఉన్నది. ఏ వీధిలో అమలవుతున్నదో చూపిస్తే వెళ్లి నమస్కరించి వస్తాను.)

ఈ లెక్కను బస్సులోకి తీసుకువెళదాము. ఇంజను, హారన్లు, కిటికీ అద్దాల గలగల కలసి నగర బస్సులో 75 నుంచి 80 డెసిబెళ్ల రొద సాధారణం. చెవి గుమ్మంలో వదులుగా వేలాడే గట్టి ప్లాస్టిక్ ఇయర్‌ఫోన్ పెట్టుకున్న అమ్మాయికి ఆ రొద యథాతథంగా లోపలికి వస్తుంది. పాట వినిపించాలంటే రొదను మించాలి. ఆమె 90 దాకా పెంచుతుంది. కాలేజీకి పోను గంట, రాను గంట, వారానికి ఆరు రోజులు: 12 గంటలు. అనుమతి 4 గంటలు. మూడు రెట్లు. అదే అమ్మాయి చెవి కాలువను చక్కగా మూసే తొడుగు ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకున్నదనుకోండి. మంచి మూత వల్ల బయటి రొద దాదాపు 20 డెసిబెళ్లు తగ్గుతుంది. పాట 70 దగ్గర హాయిగా వినిపిస్తుంది. లెక్క ప్రకారం 70 దగ్గర అనుమతి వారానికి 400 గంటలు. వారంలో ఉన్నవే 168. అంటే అదే బస్సు, అదే పాట, అదే చెవి. తేడా అంతా వంద రూపాయల రబ్బరు తొడుగు చెవికి సరిపోయిందా లేదా అన్నదానిలో ఉన్నది.

అందుచేత ప్రయాణానికి కొనేవారు చూడవలసిన మొదటి విషయం మూత. పెట్టెలో సాధారణంగా మూడు పరిమాణాల తొడుగులు ఇస్తారు. తొంబై మంది మధ్య సైజును అలాగే ఉంచేసి తక్కినవి పారేస్తారు. మూడూ పెట్టి చూడండి. రెండు చెవులకు రెండు వేరు వేరు సైజులు సరిపోవడం అరుదేమీ కాదు. సరిగ్గా మూసినదానికి గుర్తు: పాట లేకుండా పెట్టుకుని మాట్లాడితే మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్లు గంభీరంగా వినిపించాలి. బాస్ తక్కువగా ఉన్నదని శబ్దం పెంచేవారిలో చాలామందికి అసలు లోపం మూతలో ఉంటుంది. సందు ఉంటే ముందుగా కారిపోయేది కింది స్వరాలే. మృదంగం మోత వినిపించడం లేదని వాల్యూమ్ పెంచుతారు. పెరిగేది మృదంగంతో పాటు తక్కిన అన్నీ. స్పాంజి తొడుగులు రబ్బరు వాటికంటె బాగా మూస్తాయి. విడిగా దొరుకుతాయి. దుకాణదారు వాటిని తనంతట చెప్పడు. కొత్త ఇయర్‌ఫోనే చూపిస్తాడు.

రొదను అణచే హెడ్‌ఫోన్లను నేను సమర్థిస్తాను. ఈ ఊహ 1978లో జ్యూరిచ్ నుంచి వస్తున్న విమానంలో అమర్ బోస్‌కు తట్టింది. ఆయన తండ్రి వంగదేశం నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడు. బయటి రొదను చిన్న మైకు పట్టుకుంటుంది, దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని లోపలి పరికరం పుట్టిస్తుంది, రెండూ కలసి ఒకదానిని ఒకటి చెరిపివేసుకుంటాయి. ఇంజను హోరు, ఏసీ గుయ్యిమనే శబ్దం వంటి ఎడతెగని కింది స్వరాలు బాగా తగ్గుతాయి. పక్క సీటు మనిషి ఫోన్ సంభాషణ అంతగా తగ్గదు. దానికి మళ్లీ మంచి మూతే శరణ్యం. ఈ సదుపాయం ఉన్నవి ఒకప్పుడు సంపన్నుల వస్తువులు. ఇప్పుడు సామాన్యునికీ అందుతున్నాయి. బాస్ కోసం అదనంగా పెట్టే సొమ్మును దీనికి పెట్టండి. కొన్నాక పాత అలవాటు కొద్దీ అదే వాల్యూమ్ దగ్గర వింటే మాత్రం ఏమీ లాభం లేదు. రొద పోయిన తరువాత చేతితో తగ్గించవలసినది మీరే.

ఇంటి సంగతి వేరు. ఇంటికి కూడా మూత గట్టిగా ఉన్నదే కావాలని చాలామంది అనుకుంటారు. ఫ్యాను తప్ప మరో చప్పుడు లేని గదిలో దాని అవసరం ఏమిటి? వెనుక భాగం జల్లెడలా తెరచి ఉండే హెడ్‌ఫోన్లు ఉన్నాయి. గాలి ఆడుతుంది, చెవి ఉడకదు, పాట తల లోపల ఇరుక్కున్నట్లు కాక ఎదుట కూర్చుని పాడినట్లు ఉంటుంది. ఎవరైనా పిలిస్తే, కుక్కర్ కూత వేస్తే వినిపిస్తుంది. శబ్దం బయటికి కొంత వస్తుంది గనుక పక్కన నిద్రపోయేవారు ఉంటే పనికిరాదు, అంతే. సంగీతం మనసు పెట్టి వినేవారికి నా ఓటు దీనికే. తంబూరా శ్రుతి, వీణ తీగ మీటిన తరువాత మిగిలే నాదం మెల్లగా పెట్టుకున్నప్పుడే తెలుస్తాయి. గుండ్రని మెత్తలు మన వేసవిలో పెద్ద సమస్య. తోలు వంటి రెక్సిన్ మెత్తలు అరగంటలో చెమట పట్టిస్తాయి, రెండేళ్లలో పొట్టు రాలుతాయి. గుడ్డ మెత్తలు చూడండి, విడిగా మార్చుకునే వీలున్నదో లేదో అడగండి. బరువు 300 గ్రాములు దాటితే మెడకు తెలుస్తుంది. ఇంట్లో తీగ ఉంటే నష్టం లేదు. బ్యాటరీ చచ్చి రెండు మూడేళ్లకు మొత్తం పారేసే బాధ తప్పుతుంది.

ఒంటరిగా ఉన్న గదిలో హెడ్‌ఫోనే ఎందుకు, చిన్న స్పీకరు చాలదా అని కూడా అడుగుతాను. ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

రోడ్డు మీద నడిచేటప్పుడు, బండి నడిపేటప్పుడు, పట్టాలు దాటేటప్పుడు ఏ రకమూ వద్దు. పైన బస్సులో మెచ్చుకున్న మూతే ఇక్కడ ప్రాణం తీస్తుంది. చెవి నిద్రలో కూడా తెరచి ఉండే కాపలాదారు. వీపు వెనుక నుంచి వచ్చే లారీని చూడగలిగేది అదొక్కటే. దీని మీద వాదన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ఎముక ద్వారా వినిపించే హెడ్‌ఫోన్లని కొత్తగా వస్తున్నాయి. చెవి ముందు ఎముకకు ఆనుకుని కంపిస్తాయి. ‘కర్ణభేరిని తాకదు గనుక చెవికి సురక్షితం’ అని ప్రకటనలు. ఇది శుద్ధ అబద్ధం. కర్ణభేరి చెడిపోవడం మన ప్రధాన భయం కానే కాదు. అది చిరిగినా చాలాసార్లు పూడుతుంది, పూడకపోతే శస్త్రచికిత్స ఉన్నది. చచ్చేవి కర్ణావర్తంలోని రోమ కణాలు. ఎముక దారిన వచ్చినా, కాలువ దారిన వచ్చినా కంపనం చేరే ఊరు అదే. వీధి గుమ్మంలో రాకుండా దొడ్డి గుమ్మంలో వచ్చిన దొంగ దొంగ కాకుండా పోతాడా? వీటికి నిజమైన ఉపయోగం ఒకటున్నది: చెవి కారేవారు, కర్ణభేరికి చిల్లు ఉన్నవారు కాలువలో ఏమీ దూర్చకుండా వినవచ్చు. ఆ మాట ప్రకటనలలో ఉండదు.

పిల్లల హెడ్‌ఫోన్ల మీద ‘85 డెసిబెళ్లకు పరిమితం, సురక్షితం’ అని అచ్చువేస్తారు. అంకె ఉన్న పెట్టెలు ఇవేనని పైన అన్నాను. ఉన్న ఆ ఒక్క అంకె కూడా పిల్లలది కాదు. 85 అనేది కర్మాగారాల అంకె. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ రోజుకు 8 గంటల పనికి దానిని పరిమితిగా సూచించింది. ఆ పరిమితిలోనే 40 ఏళ్లు పనిచేసినా నూటికి 8 మందికి శబ్దం వల్ల వినికిడి దెబ్బతింటుందని 1998లో ఆ సంస్థే లెక్కకట్టి చెప్పింది. 90 దగ్గర నూటికి 25 మంది. (మన కర్మాగారాల నిబంధనలు 8 గంటలకు 90 దాకా అనుమతిస్తూ వచ్చాయి, శబ్దం వల్ల వచ్చే చెవుడు చట్టంలో నమోదయిన వృత్తి వ్యాధి అన్నది కార్మికులలో చాలామందికి తెలియదు.) పొట్టకూటికి పనిచేసే పెద్దవాని విషయంలో కొంత నష్టానికి ఒప్పుకుని గీసిన గీతను తెచ్చి, ఎనిమిదేళ్ల పిల్లవాని పెట్టె మీద ‘సురక్షితం’ అని వేయడం ఏ రకమైన న్యాయం? పిల్లల ప్రమాణమైన 75 దగ్గర 40 గంటలను 85కు మార్చి చూడండి: వారానికి 4 గంటలు. రోజుకు రెండు గంటల పాఠాన్ని పూర్తి వాల్యూమ్‌లో వినే పిల్లవాడు మంగళవారం రాత్రికి ఆ వారం కోటా పూర్తిచేస్తాడు. పిల్లలకు పరిమితి ఉన్న హెడ్‌ఫోన్ కొనడం మంచిదే, కాని 75కు పరిమితం చేసే మీట ఉన్నది వెదకండి. దొరకకపోతే 85ది కొని ఫోనులో ఇంకా తగ్గించండి. పాఠాలకయితే ల్యాప్‌టాప్ స్పీకరు చాలు. పాఠం ఇంట్లో పెద్దల చెవిన పడితే నష్టమేమీ లేదు.

పత్రికలలో, వాట్సాప్‌లో తిరిగే ‘60 శాతం వాల్యూమ్, 60 నిమిషాలు’ అన్న సూత్రం గురించి. చెప్పినవారి ఉద్దేశం మంచిది. కాని శాతం డెసిబెల్ కాదు. ఒక ఫోనుకు ఒక ఇయర్‌ఫోన్ తగిలించి 60 శాతం పెడితే 70 డెసిబెళ్లు రావచ్చు, అదే ఫోనుకు సున్నితత్వం ఎక్కువ ఉన్న మరొకటి తగిలిస్తే 85 దాటవచ్చు. పెట్టె మీద అంకె లేనంతకాలం ఈ సూత్రం గాలిలో కొలత. దీనికంటె ఫోనును వాడుకోండి. ఐఫోనులో సెట్టింగులకు వెళ్లి, శబ్దాల విభాగంలో హెడ్‌ఫోన్ భద్రత అన్నచోట గట్టి శబ్దాన్ని తగ్గించే మీట ఉన్నది; 75 దాకా దించవచ్చు. శామ్‌సంగ్ ఫోనులో వాల్యూమ్ పేజీలో మీడియా వాల్యూమ్‌కు హద్దు పెట్టవచ్చు, దానికి తాళం అంకె కూడా వేయవచ్చు. మనవలకు ఫోను ఇచ్చే తాతయ్యలు, అమ్మమ్మలు ఇది నేర్చుకోవాలి. యూరప్‌లో 2013 నుంచి జేబులో పెట్టుకునే సంగీత పరికరాలు 85 దగ్గర ఆగి హెచ్చరిక చూపాలన్న ప్రమాణం ఉన్నది. వినేవాడు ‘సరే’ అని నొక్కి ముందుకు పోవచ్చు, అయినా కనీసం ఒకసారి అడుగుతారు.

ఏ పరికరమూ లేనివారికి నా దగ్గర ఉన్న పరీక్ష ఇది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, నిద్రకు ముందు, మాట స్పష్టంగా అర్థమయ్యే అతి తక్కువ వాల్యూమ్ ఎంతో చూసుకోండి. ఆ గుర్తు మీ గృహ ప్రమాణం. బస్సులో ఎక్కినప్పుడు ఎన్ని మెట్లు పెంచవలసి వస్తున్నదో లెక్కపెట్టండి. కొత్త హెడ్‌ఫోన్ ఆ మెట్ల సంఖ్యను తగ్గించగలిగితే దానికి పెట్టిన డబ్బు సద్వినియోగమయినట్లే. తగ్గించలేకపోతే దుకాణానికి తిప్పి పంపండి.

నా వయసువారికి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 40,000 హెర్ట్జ్ దాకా పలికే హై రిజల్యూషన్ హెడ్‌ఫోన్ అని ఎక్కువ ధరకు అమ్ముతారు. మనిషి చెవి యవ్వనంలోనే 20,000 దాటి వినలేదు. డెబ్భై దాటిన మనలో చాలామందికి 10,000 మీద వినిపించడమే కష్టం. ఆ పైన పలికేది గబ్బిలాల కోసం కొంటున్నట్లు. టీవీ మాట అర్థం కావడం లేదని హెడ్‌ఫోన్ పెట్టి వాల్యూమ్ పెంచుకునేవారు మొదట వినికిడి పరీక్ష చేయించుకోవాలి. హెడ్‌ఫోన్ అన్ని స్వరాలనూ సమంగా పెంచుతుంది. వినికిడి యంత్రం మీకు పోయిన స్వరాలను మాత్రమే పెంచుతుంది. అద్దాలకూ భూతద్దానికీ ఉన్న తేడా వంటిది.

శుభ్రత గురించి క్లుప్తంగా. ఇయర్‌బడ్ పళ్లపొడి కుంచె వంటిది, ఒకరిది మరొకరు వాడరాదు. తొడుగులు తీసి వారానికొకసారి సబ్బు నీటితో కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి. తీరప్రాంతపు ఉక్కలో గంటల తరబడి మూసి ఉంచిన చెవి కాలువలో బూజు పడుతుంది. దురద, తడి, బరువు దాని లక్షణాలు. గులిమి లోపలికి నెట్టుకుపోతుంది. దానిని పుల్లతో తీయబోయి వచ్చినవారి కథలు వేరే రాయాలి. బ్లూటూత్ వల్ల మెదడులో కంతి వస్తుందన్న సందేశాన్ని నాకు మళ్లీ పంపవద్దని మనవి. దాని శక్తి ఫోను శక్తిలో చిన్న భాగం, కణాలలోని జన్యువును తెంచే రకం కిరణం కాదు. అసలు ప్రమాదం వాల్యూమ్ బొత్తం దగ్గర ఉంటే అందరూ గాలిలో వెదుకుతున్నారు.

పాట ఆపిన తరువాత చెవిలో హోరు, కీచురాయి అరిచినట్లు మోత, దూది పెట్టినట్లు మందం ఉంటే కోటా దాటారని అర్థం. మరునాటికి తగ్గిపోతుంది గనుక నష్టం లేదనుకోవద్దు. హార్వర్డ్‌లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్మన్ 2009లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, వినికిడి పూర్తిగా తిరిగి వచ్చినట్లు పరీక్షలో కనిపించిన చెవులలో కూడా రోమ కణాలకూ నాడికీ మధ్య ఉన్న కలయికలు శాశ్వతంగా తెగిపోయి ఉన్నాయి. హోరు రెండు రోజులు దాటినా తగ్గకపోతే చెవి వైద్యుని దగ్గర ఆడియోమెట్రీ చేయించుకోండి. బోధనాసుపత్రులలోనూ చాలా జిల్లా ఆసుపత్రులలోనూ ఆ పరీక్ష ఉన్నది, కాగితాన్ని దాచుకోండి. ఉదయం లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే మాత్రం రెండు రోజులు కూడా ఆగవద్దు, ఆ రోజే వెళ్లండి. గులిమి కావచ్చునని నూనె పోసుకుంటూ వారం గడిపితే, మొదటి రోజులలో పనిచేయగలిగిన స్టెరాయిడ్ చికిత్సకు అదను దాటిపోతుంది.